ఉమ్మడి కుటుంబానికి ఒక పాన్ కార్డు: హెచ్‌యూఎఫ్‌లో పన్ను ఎంత, ఆస్తి ఎవరిది

పాన్ నంబరులో నాలుగో అక్షరం ఆ కార్డు ఎవరిదో చెబుతుంది. మామూలు మనిషిదైతే ‘పి’, కంపెనీదైతే ‘సి’, భాగస్వామ్య సంస్థదైతే ‘ఎఫ్’. అక్కడ ‘హెచ్’ ఉంటే ఆ కార్డు ఒక కుటుంబానిది. హిందూ అవిభక్త కుటుంబం అని చట్టం పేరు, అందరూ పొట్టిగా హెచ్‌యూఎఫ్ అంటారు. దాని పేరున బ్యాంకు ఖాతా ఉంటుంది, డీమ్యాట్ ఖాతా ఉంటుంది, అద్దెలు వస్తాయి, ఏటా రిటర్ను పడుతుంది, నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సిందీ అదే.

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి జీతం బాగా వచ్చేవాళ్ల మధ్య ఒక సలహా తిరుగుతుంది. పెళ్లయింది కదా, ఒక హెచ్‌యూఎఫ్ పెట్టేసెయ్, ఇంకో పాన్ వస్తుంది, ఇంకో నాలుగు లక్షల దాకా పన్ను ఉండదు అని. అందులో సగం నిజమే. చెప్పకుండా వదిలేసిన మిగతా సగం వల్లే తర్వాత ఆడిటర్ల చుట్టూ, ఒక్కోసారి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తోంది. హెచ్‌యూఎఫ్‌లో పన్ను ఎంత అనేది రెండో ప్రశ్న. ఆ ఆస్తి ఎవరిది, వాళ్లకు ఎలా వచ్చింది అనేది మొదటి ప్రశ్న, దానికి జవాబు తేలకుండా రెండోదానికి తేలదు.

ఆదాయపు పన్ను చట్టంలో హెచ్‌యూఎఫ్ అంటే ఏమిటో నిర్వచనమే లేదు. 1961 చట్టంలోని సెక్షన్ 2(31) ‘వ్యక్తి’ అనే మాటలో ఎవరెవరు వస్తారో చెబుతూ మనిషి, కంపెనీ, సంస్థలతో పాటు హిందూ అవిభక్త కుటుంబాన్ని కూడా చేర్చి ఊరుకుంది. అంతకుముందున్న 1922 చట్టమూ అంతే, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 కొత్త చట్టమూ దీన్ని అలాగే ఉంచింది (సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ వ్యాసంలో మాత్రం అందరికీ అలవాటైన 1961 నంబర్లే వాడుతున్నాం). అంటే కుటుంబం ఎవరిదో, ఎప్పుడు ఏర్పడుతుందో, ఎప్పుడు విడిపోతుందో తెలుసుకోవాలంటే హిందూ ధర్మశాస్త్రం నుంచి వచ్చిన వారసత్వ న్యాయాన్ని చూడాల్సిందే.

ఆ న్యాయానికి మూలం మితాక్షర. దాదాపు 900 ఏళ్ల కిందట కల్యాణి చాళుక్యుల రాజధానిలో, ఇవాళ బీదర్ జిల్లాలో ఉన్న బసవకల్యాణ్‌లో, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానం అది. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. తిక్కన కాలంవాడైన కేతన 13వ శతాబ్దంలోనే దాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బెంగాల్ వైపు జీమూతవాహనుడి దాయభాగం నడిచింది, అక్కడ తండ్రి బతికున్నంత కాలం ఆయన ఆస్తిలో కొడుకుకు హక్కు లేదు. మితాక్షరలో అలా కాదు, కొడుకు పుట్టగానే తండ్రి చేతిలో ఉన్న పిత్రార్జితంలో వాటాదారు అవుతాడు. పుట్టుకతో వచ్చే ఈ హక్కే హెచ్‌యూఎఫ్‌కు పునాది. అలా వాటా ఉన్నవాళ్లను చట్టం కోపార్సెనర్లు అంటుంది, ఇక్కడ పుట్టు వాటాదారులు అందాం.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఉమ్మడి కుటుంబం అనగానే ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వంట, పెద్దాయన చేతికి అందరి సంపాదన అనే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. చట్టానికి పొయ్యితో పనిలేదు. అన్న గుంటూరులో, తమ్ముడు డాలస్‌లో, చెల్లెలు హైదరాబాద్‌లో వేర్వేరు కాపురాలు చేసుకుంటున్నా, తాతల నాటి భూమి పంచుకోకుండా ఉంటే ఆ భూమి మేరకు వాళ్లది ఉమ్మడి కుటుంబమే. ఒకే ఇంట్లో ఉంటూ ఆస్తి మాత్రం పంపకాల దస్తావేజు రాసుకుని వేరైపోతే, రోజూ కలిసి భోంచేసినా చట్టం దృష్టిలో వాళ్లు విభక్తులు. జైనులకు, బౌద్ధులకు, సిక్కులకు కూడా హెచ్‌యూఎఫ్ వర్తిస్తుంది. కేరళలో మాత్రం 1975లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే చట్టం చేసి రద్దు చేశారు, అక్కడివాళ్లకు ఇది లేదు.

కుటుంబంలో అందరి హోదా ఒకటి కాదు. ఒక మూల పురుషుడు, ఆయన కింద మూడు తరాలు పుట్టు వాటాదారులు. పంపకం అడిగే హక్కు వీళ్లది. కోడళ్లు, అంటే పెళ్లితో ఈ ఇంటికి వచ్చినవాళ్లు, కుటుంబ సభ్యులే, పోషణ హక్కు ఉంటుంది, కానీ పుట్టు వాటా ఉండదు, పంపకం కావాలని అడగలేరు. కొన్ని ప్రాంతాల్లో తండ్రీ కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికి కూడా కొడుకుతో సమానంగా వాటా పెడతారు. దక్షిణాదిలో, అంటే పాత మద్రాసు సంప్రదాయం నడిచిన మన ప్రాంతంలో, ఆ వాడుక ఎప్పుడో పోయిందని కోర్టులు తేల్చేశాయి. ఇది నిజంగా అన్యాయం. భర్త పేరున హెచ్‌యూఎఫ్ పెట్టడానికి బ్యాంకులో ఇద్దరూ కలిసి సంతకాలు చేసే జంటల్లో, ఆ డబ్బులో తనకు పుట్టు వాటా లేదని, పంపకాల్లో కూడా రాదని తెలిసిన భార్యలు ఎందరుంటారు?

కుటుంబం తరఫున వ్యవహారం నడిపేవాడు కర్త. సాధారణంగా అందరికన్నా పెద్దవాడు. కర్త అంటే మేనేజర్ లాంటివాడు అని చెబుతారు కానీ మేనేజరుకు లేని అధికారాలు ఈయనకు ఉన్నాయి. ఏటా లెక్క అప్పజెప్పాల్సిన పని లేదు, ఎవరికి ఎంత ఖర్చు పెట్టాలో ఆయనే తేలుస్తాడు, కుటుంబ అవసరం కోసం ఉమ్మడి ఆస్తిని అమ్మొచ్చు, తాకట్టు పెట్టొచ్చు. పిల్లాడి చదువు, ఆడపిల్ల పెళ్లి, ఆసుపత్రి ఖర్చు, పన్ను బాకీ, ఇవన్నీ ఆ అవసరంలోకి వస్తాయి. మైనర్ల వాటా ఉన్నా సరే, ఉమ్మడి ఆస్తిలో విడదీయని వాటా కాబట్టి కోర్టు అనుమతి లేకుండానే కర్త అమ్మొచ్చని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆస్తిని ఊరికే దానం చేయడానికి మాత్రం కుదరదు. కూతురి పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఆస్తి స్థాయికి తగ్గట్టు కొంత భూమి ఇవ్వడాన్ని మాత్రం న్యాయస్థానాలు ఒప్పుకుంటూ వచ్చాయి.

కూతురి హక్కు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో దేశానికి దారి చూపింది తెలుగు నేల. 1956 హిందూ వారసత్వ చట్టం పుట్టు వాటాను మగపిల్లలకే వదిలేసింది. నిజానికి అంబేడ్కర్ చేతికి వచ్చిన హిందూ కోడ్ బిల్లు పుట్టుకతో వచ్చే హక్కునే తీసేసి, ఎవరి వాటా వాళ్లకు విడిగా ఇవ్వాలని చూసింది. అది నెగ్గలేదు, 1951లో ఆయన మంత్రి పదవి నుంచి తప్పుకున్నాడు, తర్వాత ముక్కలుగా వచ్చిన చట్టాల్లో ఉమ్మడి కుటుంబం మిగిలిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టు వాటాదారే అని చెప్పింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను మాత్రం మినహాయించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే దారి పట్టాయి. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటికీ కేంద్ర సవరణ వచ్చింది, పెళ్లి అయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వాదన పదిహేనేళ్లు సాగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఎప్పుడు పోయినా అది పోదు అని తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపకూడదు.

దీని ప్రభావం హెచ్‌యూఎఫ్ మీద నేరుగా పడుతుంది. కుటుంబం పేరున ఆస్తి ఉంటే అందులో పెళ్లయి వెళ్లిన కూతురికీ వాటా ఉంది. కర్తగా ఉండే హక్కు కూడా పెద్ద కూతురికి ఉందని ఢిల్లీ హైకోర్టు 2015లో చెప్పింది, 2023లో ద్విసభ్య ధర్మాసనమూ సమర్థించింది. పుట్టింటి హెచ్‌యూఎఫ్‌లో వాటాదారు, మెట్టినింటి హెచ్‌యూఎఫ్‌లో సభ్యురాలు, ఇలా ఒకే మనిషి రెండు కుటుంబాల్లో ఉండొచ్చు. కొడుకూ నేనూ కలిసి పెట్టుకున్న హెచ్‌యూఎఫ్ అని అనుకునే తండ్రులు ఇంకా ఉన్నారు. అలా అనుకుని కూతురిని లెక్కలో పెట్టకుండా నడిపిన కుటుంబాల్లో గొడవ పంపకం రోజు బయటపడుతుంది.

ఇక పన్ను. హెచ్‌యూఎఫ్‌ను వేరే వ్యక్తిగా చూస్తారు కాబట్టి దానికి వేరే శ్లాబులు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో (చాలా తగ్గింపులు వదులుకుంటే తక్కువ రేట్లు దొరికే పద్ధతి) 4 లక్షల దాకా పన్ను లేదు, 4 నుంచి 8 లక్షలకు 5 శాతం, 8 నుంచి 12కు 10 శాతం, అలా పెరుగుతూ 24 లక్షలు దాటితే 30 శాతం. ఒకాయనకు స్టాండర్డ్ డిడక్షన్ పోను జీతం 24 లక్షలు ఉందనుకుందాం. తండ్రీ బాబాయిల మధ్య పంపకాల్లో ఆయన వాటాకు వచ్చిన దుకాణాల మీద తగ్గింపులన్నీ పోను ఏటా 8 లక్షల అద్దె వస్తోంది. ఆ అద్దె ఆయన సొంతం అయితే మొత్తం 30 శాతం శ్లాబులో పడుతుంది, సెస్సుతో కలిపి 2,49,600 రూపాయల పన్ను. అదే అద్దె కుటుంబానిది అయితే హెచ్‌యూఎఫ్ కట్టేది 20,800. తేడా 2,28,800 రూపాయలు, అదీ ఏటా. ఆ ఆదాయంలోంచి కుటుంబ సభ్యులకు ఇచ్చే డబ్బు మీద మళ్లీ పన్ను లేదు, సెక్షన్ 10(2) దాన్ని మినహాయించింది. ఒకసారి కుటుంబం చేతిలో పన్ను పడిన డబ్బు మీద సభ్యుడి చేతిలో మళ్లీ వేయకూడదన్నది దాని వెనక ఉన్న న్యాయం.

ఇప్పుడు రెండో ఉదాహరణ. ఇంకో ఊరిలో ఇంకొకరికి సొంత ఆదాయం 6 లక్షలు, పిత్రార్జితం మీద అద్దె 5 లక్షలు. మొత్తం 11 లక్షలు ఆయన ఒక్కడిదే అయితే కొత్త విధానంలో పన్ను సున్నా, ఎందుకంటే 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు సెక్షన్ 87ఏ రిబేటు ఉంది. కానీ ఆ రిబేటు భారతదేశంలో నివాసి అయిన మనిషికే, హెచ్‌యూఎఫ్‌కు లేదు. కాబట్టి 5 లక్షల అద్దె కుటుంబానిది అయితే 4 లక్షలు పోను మిగిలిన లక్ష మీద 5,200 కట్టాల్సిందే. హెచ్‌యూఎఫ్‌కు 12 లక్షలు వస్తే పన్ను 62,400, అదే మనిషికి వస్తే ఏమీ లేదు. 60 ఏళ్లు దాటినవారికి పాత విధానంలో దొరికే ఎక్కువ మినహాయింపు కూడా కుటుంబానికి వర్తించదు, కర్తకు 80 ఏళ్లున్నా అంతే. అంటే ఈ ఏర్పాటు పెద్ద ఆదాయాలకు బాగా పనికొస్తుంది, మధ్యతరగతికి ఒక్కోసారి బరువే అవుతుంది. మధ్యతరగతి కోసమే అని చెప్పి పెంచిన రిబేటును చిన్న ఉమ్మడి కుటుంబాలకు ఎందుకు ఇవ్వలేదో ఎంత వెతికినా సబబైన కారణం కనిపించదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పై రెండో ఉదాహరణలో ఆయన నాకు ఇలా అయితే లాభం లేదు, అద్దె నా సొంత ఖాతాలో చూపిస్తాను అంటే కుదరదు. ఆస్తి కుటుంబానిది అయితే ఆదాయం కుటుంబానిదే, కలిసొచ్చినా రాకపోయినా. హెచ్‌యూఎఫ్ పెట్టుకోవడం, మానుకోవడం అనే మాటే సరికాదు. పుట్టు హక్కు ఉన్న ఆస్తి చేతిలో ఉంటే కుటుంబం ఇప్పటికే ఉంది. పాన్ తీసుకోవడం దాన్ని పన్ను శాఖకు తెలియజేయడం మాత్రమే. రిజిస్ట్రేషన్ ఏదీ లేదు. బ్యాంకువాళ్లు అడిగే హెచ్‌యూఎఫ్ డీడ్ కూడా ఫలానావాళ్లం సభ్యులం అని ఇచ్చే ప్రకటన కాగితం, అంతకన్నా దానికి బలం లేదు.

పాత విధానంలో ఉండేవాళ్లకు మరికొన్ని తగ్గింపులు ఉన్నాయి. మినహాయింపు 2.5 లక్షలు, సెక్షన్ 80సీ కింద సభ్యుల బీమా ప్రీమియంలాంటివి లక్షన్నర దాకా, 80డి కింద ఆరోగ్య బీమా. హెచ్‌యూఎఫ్ పేరున కొత్త పీపీఎఫ్ ఖాతా మాత్రం 2005 మే 13 నుంచి తెరవనివ్వడం లేదు. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే వచ్చే సెక్షన్ 54 మినహాయింపు రెండు విధానాల్లోనూ కుటుంబానికి ఉంటుంది.

మరి జీతగాడు తన జీతం డబ్బు తెచ్చి కుటుంబం ఖాతాలో వేస్తే? చర్చలన్నీ తిరిగేది ఇక్కడే. ధర్మశాస్త్రం ప్రకారం స్వార్జితాన్ని ఉమ్మడిలో కలిపేయొచ్చు, అందుకు అడ్డు లేదు. 1960లలో చాలామంది ఇలాగే చేశారు, నోటి మాటతో నా ఆస్తి ఇక కుటుంబానిది అని ప్రకటించి ఆదాయాన్ని రెండుగా చీల్చుకున్నారు. దానికి గండి కొట్టడానికే సెక్షన్ 64(2) వచ్చింది. 1969 డిసెంబర్ 31 తర్వాత ఏ సభ్యుడైనా సొంత ఆస్తిని తగిన ప్రతిఫలం లేకుండా కుటుంబానికి మారిస్తే, దాని మీద వచ్చే ఆదాయం ఆయన ఆదాయంలోనే కలుపుతారు. తర్వాత కుటుంబం విడిపోయి ఆ ఆస్తి భార్య వాటాకు వెళ్లినా ఆ ఆదాయం ఆయన లెక్కలోకే వస్తుంది. కాబట్టి పొదుపు డబ్బు 10 లక్షలు హెచ్‌యూఎఫ్‌కు ఇచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయిస్తే వడ్డీ మీద పన్ను ఆదా ఏమీ ఉండదు. ఆ వడ్డీని మళ్లీ పెట్టుబడి పెడితే దాని మీద వచ్చేది కుటుంబానిది, అంతవరకే.

పన్ను ఆదా కాలేదు. మరి ఆస్తి? అది మాత్రం నిజంగానే కుటుంబానిది అయిపోయింది. పన్ను చట్టం ఆదాయాన్ని ఇచ్చినవాడి లెక్కలో వేస్తుంది కానీ, ఆస్తిని వెనక్కి ఇప్పించదు. ఆ 10 లక్షల్లో ఇప్పుడు కొడుక్కీ కూతురికీ పుట్టు వాటా ఉంది, రేపు వీలునామా రాయాలంటే తన వాటా వరకే రాయగలడు, మొత్తానికి కాదు. పన్ను సలహా ఇచ్చేవాళ్లు ఈ మాట ముందుగా చెప్పాలి. చెప్పడం లేదు.

పుట్టింటివాళ్లు, స్నేహితులు బహుమతిగా ఇవ్వొచ్చు కదా అంటారు. కుటుంబానికి బంధువు అంటే దాని సభ్యుడే అని సెక్షన్ 56 చెబుతోంది. భార్య తండ్రి భర్తకో, కూతురికో విడిగా ఇస్తే పన్ను లేదు, కానీ అదే డబ్బు అల్లుడి హెచ్‌యూఎఫ్‌కు ఇస్తే ఆయన సభ్యుడు కాడు కాబట్టి ఏడాదిలో అలాంటి బహుమతులు 50,000 దాటితే మొత్తం మీదా పన్ను పడుతుంది, దాటిన భాగం మీద మాత్రమే అనుకోకూడదు. వీలునామా ద్వారా వచ్చినదానికి ఈ ఇబ్బంది లేదు. అందుకే ఆస్తి ఉన్న తాతలు కొందరు వీలునామాలో ఫలానా కొడుకు కుటుంబానికి అని స్పష్టంగా రాస్తారు. రాసిన మాట ముఖ్యం. తండ్రి ఇచ్చిన స్వార్జితం కొడుకు సొంతమా, కొడుకు కుటుంబానిదా అన్నది ఇచ్చినవాడి ఉద్దేశాన్ని బట్టే అని సుప్రీంకోర్టు 1953లోనే అరుణాచల ముదలియార్ కేసులో చెప్పింది.

తాత ఆస్తి అంతా పిత్రార్జితమే అన్న నమ్మకం మన ఊళ్లల్లో చాలా గట్టిది. చట్టం ఇందులో ఒక గీత గీసింది, ఆ గీత 1956 జూన్ 17. ఆ రోజున వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. తండ్రి స్వార్జితం, ఆయన వీలునామా రాయకుండా ఆ తేదీ తర్వాత పోతే, సెక్షన్ 8 ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వస్తుంది. అలా కొడుక్కి వచ్చిన వాటా అతని సొంతం, అతని పిల్లలకు అందులో పుట్టు హక్కు లేదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, విచిత్రంగా అది పన్ను కేసే. దాని అర్థం ఏమిటంటే ఈ తరం సంపాదించిన ఇళ్లు, స్థలాలు, షేర్లు వచ్చే తరానికి ఉమ్మడి ఆస్తిగా వెళ్లవు, వీలునామాలో అలా రాస్తే తప్ప. పాత ఉమ్మడిలో ఉన్న వాటా కూడా ఒక్కో చావుతో కొంత బయటికి వెళ్లిపోతుంది. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు ఉన్న కుటుంబంలో తండ్రి పోతే, ఆ క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించి, తల్లికి పుట్టు వాటా లేదు కాబట్టి ఆయనకు మూడో వంతు లెక్కగడతారు. ఆ మూడో వంతు మళ్లీ భార్య, కొడుకు, కూతురి మధ్య మూడు భాగాలు. భార్యకు తొమ్మిదో వంతు, పిల్లలిద్దరికీ తొమ్మిదింట నాలుగేసి. తండ్రి వాటా నుంచి వచ్చిన ముక్కలు ఎవరివి వాళ్లకు సొంతం, ఇక ఉమ్మడిలో లేవు. పన్ను చట్టం ఉమ్మడి కుటుంబాన్ని పక్కా వ్యక్తిగా చూస్తూనే ఉంది, వారసత్వ చట్టం మాత్రం దానికి కొత్త ఆస్తి చేరే దారులు మూసేస్తూ వచ్చింది. భూపరిమితి చట్టం అయితే మరీ తెగించింది, 1973 ఆంధ్రప్రదేశ్ చట్టం హిందూ అవిభక్త కుటుంబాన్ని పక్కనబెట్టి భార్యాభర్తలు, మైనర్ పిల్లలు అంటూ తన సొంత ‘కుటుంబ యూనిట్’ను రాసుకుని దాని మీదే ఎకరాలు లెక్కగట్టింది.

ఒక్క మనిషితో కుటుంబం అవుతుందా? పంపకాల్లో వాటా తీసుకున్న పెళ్లికాని మగవాడి విషయం 1974లో కృష్ణప్రసాద్ కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఒక్కడే ఉంటే కుటుంబం కాదు, పెళ్లయ్యేదాకా అతను మామూలు వ్యక్తే అని తేల్చారు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న వ్యక్తికి పంపకాల్లో వచ్చిన ఆస్తి కుటుంబానిదే అని చెప్పిన నరేంద్రనాథ్ కేసు, 1969 నాటిది, హైదరాబాద్ సంపద పన్ను కమిషనర్‌తో వచ్చిన తగాదా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆస్తి మూలం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పంపకాల్లో వచ్చిన ఆస్తికి ఉమ్మడి రంగు ముందే అంటి ఉంటుంది, దానికి భార్య వచ్చి చేరితే చాలు. స్వార్జితానికి ఆ రంగు ఎంత పూసినా పన్ను అధికారి ముందు నిలవదు.

అందరికన్నా తక్కువ ఆలోచించేది మూసేయడం గురించి. హెచ్‌యూఎఫ్ ఒకసారి అసెస్‌మెంట్‌లోకి వచ్చాక దానంతటది ముగియదు. ఖాతా ఖాళీ చేసి పాన్ వెనక్కి ఇచ్చేస్తాం అంటే సరిపోదు. సెక్షన్ 171 ప్రకారం పూర్తి పంపకం జరిగిందని పన్ను అధికారి విచారించి నమోదు చేసేదాకా ఆ కుటుంబం ఉమ్మడిగానే ఉన్నట్టు లెక్క. కాగితం మీద నీకింత నాకింత అని రాసుకోవడం ధర్మశాస్త్రానికి సరిపోవచ్చు, పన్ను చట్టానికి ఆస్తిని హద్దులు పెట్టి విడగొట్టాలి, విడగొట్టడానికి వీల్లేనిదైతేనే వేరే ఏర్పాటు. పుట్టు వాటాల విషయంలో 2005 సవరణ కూడా రిజిస్టరు చేసిన దస్తావేజునో, కోర్టు డిక్రీనో అడుగుతుంది. అలా పంచుకున్నప్పుడు సభ్యుల చేతికి వచ్చిన ఆస్తి మీద క్యాపిటల్ గెయిన్స్, అంటే ఆస్తి చేతులు మారినప్పుడు వచ్చే లాభం మీద వేసే పన్ను, పడదు, పంపకం బదిలీ కాదు కాబట్టి.

కొంత ఆస్తిని, లేదా కొందరు సభ్యులను మాత్రమే విడదీసే పాక్షిక పంపకాన్ని 1978 డిసెంబర్ 31 తర్వాత పన్ను చట్టం గుర్తించడం మానేసింది. ప్రతి ఏడాదీ ఒక ముక్క విడగొట్టి కొత్త హెచ్‌యూఎఫ్‌లు పుట్టించే అలవాటు అప్పట్లో విపరీతంగా ఉండేది, దాన్ని ఆపడానికి ఆ నిబంధన అవసరమే. కానీ ఇవాళ దాని దెబ్బ తగిలేది వేరేవాళ్లకు. అన్నదమ్ముల్లో ఒకరు అమెరికాలో స్థిరపడి నా వాటా నాకిచ్చేయండి, మీరు కలిసే ఉండండి అంటే, లేదా చెల్లెలు తన వాటా స్థలం తీసుకుని వెళ్లిపోతే, సివిల్ కోర్టు లెక్కలో ఆమె విడిపోయింది, ఆ స్థలం ఆమెది. పన్ను లెక్కలో ఆ స్థలం మీద ఆదాయం ఇంకా ఉమ్మడి కుటుంబానిదే, పన్నుకు సభ్యులందరూ కలిసీ విడివిడిగానూ బాధ్యులు, వెళ్లిపోయిన చెల్లెలితో సహా. 2018 ఆగస్టులో లా కమిషన్ కుటుంబ చట్టాల మీద ఇచ్చిన చర్చాపత్రంలో హెచ్‌యూఎఫ్‌ను ఎత్తేసే మాట వచ్చింది. ఎత్తేసేదాకా ఆగాల్సిన పని లేకుండా కనీసం ఈ ఒక్క చోటైనా, తన పుట్టు వాటా తీసుకుని వెళ్లే కూతురి విషయంలోనైనా, పాక్షిక పంపకాన్ని ఒప్పుకుంటే 2005లో ఇచ్చిన హక్కు పన్ను కార్యాలయం గుమ్మం దగ్గర ఆగిపోకుండా ఉంటుంది.